తోరణం కార్డు

పుట్టినరోజు కార్డులు సొంతంగా చేద్దామని స్టాంపులూ, కాగితాన్ని ఆకారాలుగా కోసే డైలూ కొనుక్కున్నవాళ్లు చాలామంది ఒకచోట ఆగిపోతారు. ప్యాకెట్టు విప్పితే పూలుంటాయి, పిట్టలుంటాయి, కేకులూ కొవ్వొత్తులూ ఉంటాయి. శుభాకాంక్షలు మాత్రం ఇంగ్లిషులోనే ఉంటాయి. మేనత్తకో, చదువు చెప్పిన తెలుగు మేష్టారికో, డాలస్‌లో ఇప్పుడిప్పుడే గుణింతాలు దిద్దుకుంటున్న మనవరాలికో తెలుగులో కార్డు పంపాలంటే ఆ ఒక్క స్టాంపు మనమే చేయించుకోవాలి. ఒకసారి చేయించుకున్నాక మిగతావన్నీ ఆ అక్షరాలే తేల్చేస్తాయి. కార్డు అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా, సిరా ఏది, పొడి ఏది, పని ఎక్కడ మొదలుపెట్టాలి, అన్నీ. అందుకే వరస అక్కణ్నుంచే చెప్తాను. చేయబోయే కార్డు ఇది: పైన బంతిపూలు, మామిడాకులతో తోరణం, కింద ముదురు రంగు పట్టీ మీద తెల్లటి అక్షరాలు.

ఆఫీసు సీళ్లు చేసే రబ్బరు స్టాంపుల దుకాణం చాలా ఊళ్లలో ఉంటుంది. అక్కడ ‘పాలిమర్ స్టాంపు’ కావాలని అడగండి. సిరా లోపలే నింపి ఇచ్చే ప్రీ-ఇంక్ రకం మనకు పనికిరాదు, దానికి వేరే సిరా వాడలేం. పాలిమర్ స్టాంపు తయారయ్యే తీరు చూడ్డానికి సరదాగా ఉంటుంది. అక్షరాలు పారదర్శకంగా, చుట్టూ నల్లగా ఉండే నెగటివ్ ఫిల్ము మీద తేనెలాంటి ద్రవం పోస్తారు. అతినీలలోహిత కాంతి పడినచోట, అంటే అక్షరాలున్నచోట, ఆ ద్రవం గట్టిపడుతుంది. మిగిలినదాన్ని నీళ్లతో, బ్రష్‌తో కడిగేస్తారు. ఉబ్బెత్తుగా నిలబడ్డదే స్టాంపు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, దుకాణానికి వాట్సాప్‌లో ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని టైపు చేసి పంపొద్దు. డీటీపీ చేసేవాళ్లలో ఇంకా చాలామంది యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలోనే పనిచేస్తారు. మీ యూనికోడ్ అక్షరాలు వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేసరికి ‘ట్టి’ విడిపోయి ‘ట్‌టి’ అవుతుంది, ‘క్ష’ రెండు ముక్కలవుతుంది. చేసేవాళ్లు దాన్ని చదవరు, కొలత చూసి అచ్చు తీసేస్తారు. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ పంపండి, లేదా వాళ్ల పక్కన కూర్చుని తెర మీద చూసి సరే అనండి.

రెండోది, సైజు. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే కొలత తెలుగుకు సరిపోదు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తులు, మధ్యలో చిన్నచిన్న ఖాళీలు. ‘శుభాకాంక్షలు’ ఒక్క మాట చూడండి. భ కింద ఒత్తు గీత, పక్కన సున్నా, ఆ వెంటనే క్ష. సున్నా లోపలి రంధ్రంలో సిరా నిండిందంటే అది చుక్కయిపోతుంది. తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు పూడిపోతే ముద్ద. ఒత్తులు కలపకుండా అక్షరం ఎత్తు కనీసం 6 నుంచి 7 మి.మీ. ఉండేలా చూసుకోండి. ఫాంటు కూడా గీత మందం అంతటా ఒకేలా ఉండేది తీసుకోవాలి. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే ‘మండలి’ ఈ పనికి బాగుంటుంది. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు మీద వచ్చిందది. ‘రామభద్ర’ పోస్టర్ల మీద ఎంత దిట్టంగా ఉంటుందో ఈ చిన్న సైజులో అంత ఇబ్బంది పెడుతుంది. లావు గీతల మధ్య ఖాళీలు మిగలవు.

ఆ ఎత్తులో రెండు మాటలూ ఒకే వరసలో పెడితే దాదాపు 115 మి.మీ. పొడవొస్తుంది. రెండు వరసలుగా విడగొట్టొచ్చు గానీ, పైవరసలో ‘ట్ట’ కిందకు వేలాడే ఒత్తు కిందవరస తలకట్టులకు తగలకుండా ఎడం ఇవ్వాలి. అప్పుడు పట్టీ లావైపోతుంది. ఒక్క వరసే మేలు. అంటే కార్డు అడ్డంగా ఉండాలి, పైన మడతతో, గుడారంలా తెరుచుకోవాలి. తోరణం కట్టడానికి కూడా అదే అనువు.

కాగితానికి వద్దాం. 250 నుంచి 300 జీఎస్‌ఎం ఉండే, మెరుపు పూత లేని, నున్నటి కార్డ్‌స్టాక్ కావాలి. జిరాక్సు కాగితం 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది కాబట్టి ఇది దానికి మూడు నాలుగు రెట్ల మందం. పూత ఉన్న అట్ట మీద సిరా ఇంకక జారుతుంది, వేలు తగిలితే చెదిరిపోతుంది. ఏ4 షీటును సగానికి అడ్డంగా కోస్తే 210 × 148.5 మి.మీ. ముక్కలు రెండొస్తాయి. ఒక్కో ముక్కను 105 దగ్గర మడిస్తే ఒక కార్డు. ఇలా కోయడంలో ఇంకో లాభం ఉంది. కాగితంలో పీచు ఒక దిక్కుగా పడుకుని ఉంటుంది. మామూలుగా దొరికే ఏ4 షీట్లలో అది పొడుగు వైపుకే ఉంటుంది. అంటే మన మడత పీచు వెంటే వస్తుంది, పగలదు. అనుమానముంటే షీటును రెండు వైపులకూ మెల్లిగా వంచి చూడండి. సులువుగా వంగిన వైపే పీచు.

మడతకు ముందు గాడి గీయాలి. బోన్ ఫోల్డర్ లేకపోతే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను చాలు, స్కేలు ఆనించి గట్టిగా గీయండి. గీసిన వైపు గుంట, వెనకవైపు ఉబ్బు వస్తాయి. గుంట లోపలికి పోయేలా మడవాలనిపిస్తుంది, చాలామంది అలాగే మడుస్తారు. నిజానికి ఉబ్బు లోపలికి రావాలి. అప్పుడే బయటి పొర సాగి చిట్లకుండా ఉంటుంది. ప్రెస్సుల్లో శుభలేఖలు మడిచేవాళ్లని అడగండి, ఇదే చెప్తారు.

ఇక అసలు పని. కార్డు మీద నేరుగా స్టాంపు వేయొద్దు. పోయే అవకాశం ఎక్కువున్న పని ముందు, అదీ విడి ముక్క మీద చేయాలి. బాగా వచ్చాక కొలతకు కోసి అతికించుకోవాలి. కాబట్టి ముందు అక్షరాల పట్టీ. కుంకుమ రంగో, నేరేడు రంగో ఉన్న కార్డ్‌స్టాక్‌లో చేతికి వీలుగా ఉండే పెద్ద ముక్క తీసుకోండి.

ముదురు కాగితం మీద తెల్ల సిరాతో అచ్చు వేస్తే పాలిపోయినట్టు వస్తుంది. అందుకే వేడితో ఉబ్బించే పద్ధతి, హీట్ ఎంబాసింగ్: తడి సిరా మీద పొడి చల్లి, వేడితో కరిగించడం. దీనికి సిరా ఆరకుండా జిగటగా నిలవాలి. డై ఇంకు (ఇది రంగు ‘డై’, కోసే డై కాదు) కాగితంలోకి ఇంకి చటుక్కున ఆరిపోతుంది, కాబట్టి పనికిరాదు. పిగ్మెంట్ ఇంకు రంగు రేణువులు పైనే నిలిచి ఆలస్యంగా ఆరతాయి, అది పనికొస్తుంది. అన్నిటికంటే మేలు ఇందుకోసమే ఉన్న రంగులేని జిగట సిరా. వెర్సామార్క్ పేరుతో దొరికేది ఆ రకమే.

కొత్త పాలిమర్ స్టాంపు మీద కంటికి కనపడని జిడ్డు పొర ఉంటుంది. సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పాత జీన్ ప్యాంటు గుడ్డ మీదో, పెన్సిల్ రబ్బరుతోనో దాన్ని ఒకసారి రుద్దితే పోతుంది. తర్వాత స్టాంపును అక్రిలిక్ దిమ్మకు అంటించండి, జిగురు అక్కర్లేదు, దానంతటదే పట్టుకుంటుంది. దిమ్మను బోర్లించి ప్యాడ్ మీద నొక్కొద్దు. దిమ్మను వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌నే తీసుకుని స్టాంపు మీద తేలిగ్గా తట్టండి. బోర్లించి నొక్కితే సిరా అక్షరాల పక్కలకూ పాకి, సున్నాలను పూడ్చేస్తుంది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు గుర్తుంటుంది, అచ్చు దిమ్మను గుడ్డ మీద పెట్టి వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. అది టేకు దిమ్మ, గుడ్డ కింద మెత్తటి పరుపు ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. పాలిమర్‌కు గుద్దు పనికిరాదు, మెత్తటి అక్షరాలు పక్కకు ఒరిగి గీతలు జంటగా పడతాయి. నిట్టనిలువుగా దించి, రెండు చేతుల వేళ్లతో అంతటా సమంగా నొక్కి, ఊపకుండా నిట్టనిలువుగా పైకి తీయాలి. కాగితం కింద పల్చటి ఫోమ్ షీటు వేసుకుంటే మూలలు కూడా సరిగ్గా పడతాయి. 115 మి.మీ. పొడవున్న స్టాంపుకు చెయ్యి కుదరట్లేదంటే స్టాంప్ పొజిషనర్ కొనొచ్చు. పుస్తకం అట్టలా తెరుచుకునే మూతకు స్టాంపు అంటుకుని ఉంటుంది, కాగితాన్ని అయస్కాంతాలు కదలనివ్వవు. ఒకసారి సరిగా పడకపోతే మళ్లీ సిరా అద్ది అదే చోట ఇంకోసారి వేయొచ్చు. ఈ పనిముట్లలో ఖరీదుకు తగిన పని చేసేది ఇదొక్కటేనని నా అభిప్రాయం. రంగురంగుల ప్యాడ్లు యాభై కొనే బదులు ముందు ఇది కొనుక్కోండి.

అచ్చు వేయకముందే చేయాల్సింది ఒకటుంది. కాగితం మీద కాస్త టాల్కం పౌడరు పల్చగా తుడిచి దులపండి. చేతి చెమట, గాలి తేమ తగిలిన కాగితానికి ఎంబాసింగ్ పొడి అక్కడక్కడా అంటుకుపోయి తెల్ల చుక్కలు మిగులుతాయి. విశాఖలో, కాకినాడలో ఉండేవాళ్లకు ఇది తప్పనిసరి. అచ్చు వేశాక తెల్ల పొడి ధారాళంగా చల్లి, కాగితం వెనక వేలితో కొట్టి, రాలినదాన్ని మళ్లీ సీసాలో పోసుకోండి. పొడిలో కూడా రెండు రకాలుంటాయి. తెలుగు అక్షరాలకు సన్నపొడి, ‘డీటెయిల్’ అని రాసి ఉండేదే వాడాలి. మామూలు పొడి కరిగి విస్తరిస్తే, కష్టపడి కాపాడుకున్న సున్నాల రంధ్రాలు మూసుకుపోతాయి.

వేడి పెట్టడం ఈ పనంతటిలోకీ బాగుండే ఘట్టం. హీట్ గన్‌ను కాగితానికి దూరంగా పది పదిహేను సెకన్లు ఆడించి వేడెక్కాక ఒక అంచు దగ్గరికి తీసుకురండి. సున్నంలా గరుగ్గా, మాసినట్టున్న అక్షరం ఒకచోట తడిసినట్టవుతుంది. ఆ తడి మెరుపు ‘పు’ నుంచి ‘ట్టి’కి, అక్కణ్నుంచి ‘న’కు పాకుతూ పోతుంది. మెరుపు వచ్చినచోట ఇక ఆగొద్దు, ముందుకు కదలండి. ఎక్కువసేపు కాలిస్తే పొడి కాగితంలోకి ఇంకిపోయి మెరుపు చచ్చిపోతుంది, కాగితం వంకర తిరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఇది కాదు. దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ, పొడి ఎగిరిపోతుంది. హీట్ గన్ లేకపోతే, బాగా కాగిన ఇస్త్రీపెట్టెను వెల్లకిలా పట్టుకుని, కాగితం వెనకవైపును దానికి ఆనీ ఆననట్టు ఉంచినా కరుగుతుంది. ఒకరు పెట్టె పట్టుకోవాలి, ఇంకొకరు కాగితం పట్టుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి. చల్లారాక అక్షరాలు మధ్యకొచ్చేలా పట్టీని 125 × 22 మి.మీ.కు కోసుకోండి.

ఇప్పుడు తోరణం. బంతిపూల డై కోసం వెతకొద్దు. అంచు అలలు అలలుగా ఉండే గుండ్రటి డైలు, స్కాలప్ సర్కిల్ అనే పేరుతో, ఒకదానిలో ఒకటి ఇమిడే సెట్టుగా దాదాపు ప్రతి కంపెనీ అమ్ముతుంది. వాటిలో అయిదు పూలు కార్డు మీద వరసగా పట్టే కొలతలో, ఒకదాని కంటే ఒకటి చిన్నవి మూడు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే ముద్దబంతి తయారు.

రంగు కాగితాలు కూడా కొననక్కర్లేదు. 200 జీఎస్‌ఎం తెల్ల కార్డ్‌స్టాక్‌కు మనమే రంగు పట్టించొచ్చు. ఇక్కడ డై ఇంకు కావాలి. పసుపు ప్యాడ్ మీద మెత్తటి గుండ్రటి బ్రష్ అద్ది, ముందు పక్కనున్న చిత్తుకాగితం మీద తిప్పడం మొదలుపెట్టి, అలా తిప్పుతూనే అసలు కాగితం మీదికి రండి. నేరుగా కాగితం మీద బ్రష్ మోపితే ముద్దగా మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్లీ కలవదు. లేతరంగు ముందు, ముదురు తర్వాత: పసుపు మీద నారింజ, నారింజ మీద ఒక మూలగా ఎర్రటి ఛాయ. ఒకే షీటులో లేత బంతి నుంచి కారబ్బంతి దాకా అన్నీ వస్తాయి. ఇంకో ముక్కకు ఆకుపచ్చ. తడి పూర్తిగా ఆరాకే డై పెట్టాలి. తడిసిన కాగితం తెగదు, చిరుగుతుంది.

డై కటింగ్ మెషీన్ అంటే రెండు రోలర్లు, ఒక పిడి, అంతే. కింద ప్లాట్‌ఫాం, దాని మీద ప్లాస్టిక్ ప్లేటు, దాని మీద కాగితం, కాగితం మీద పదునైన అంచు కిందకు ఉండేలా డై, ఆపైన ఇంకో ప్లేటు. ఈ వరస కంపెనీకీ కంపెనీకీ కొంచెం మారుతుంది, ప్లాట్‌ఫాం మీదే అచ్చువేసి ఉంటుంది. కదలకుండా డైని మాస్కింగ్ టేపు ముక్కతో కాగితానికి అంటించండి. పిడి తిప్పుతుంటే ఏదో విరిగిపోతున్నట్టు పటపటమని చప్పుడొస్తుంది. మొదటిసారి వినేవాళ్లు బెదిరిపోయి ఆపేస్తారు. ఆపొద్దు, ప్లేట్లు చేసే చప్పుడే అది. డై అంచును రోలరుకు సమాంతరంగా కాక కొంచెం ఏటవాలుగా పెడితే ఒత్తిడి ఒక్కసారిగా పడకుండా తేలిగ్గా తెగుతుంది. అక్కడక్కడా తెగకపోతే ప్లేటు కింద ఒక జిరాక్సు కాగితం చేర్చి మళ్లీ తిప్పండి. పని తొందరగా అవుతుందని రెండు కార్డ్‌స్టాక్‌లు కలిపి కోయాలని చూడొద్దు. ఈ పల్చటి లోహపు డైలు ఒక్క పొరకే చేసినవి, బలవంతం చేస్తే వంగుతాయి. ప్లేట్లు వాడేకొద్దీ అరటికాయలా వంపు తిరుగుతాయి. ప్రతిసారీ తిరగేసి పెడితే ఆ వంపు సర్దుకుంటుంది. వాటి మీద గీతలు పడ్డాయని దిగులు అనవసరం.

అయిదు పూలకు పదిహేను ముక్కలు కోసి, ఒక్కోదాన్ని మౌస్ ప్యాడ్ మీద పెట్టి, గరిటె కాడ మొనలాంటి గుండ్రటి దానితో నడుమ నొక్కి తిప్పండి. అంచులు పైకి లేస్తాయి. పెద్దదాని మీద మధ్యది, దాని మీద చిన్నది అతికించేటప్పుడు కొంచెం తిప్పి పెడితే పైరేక కిందిరేకల సందులో పడుతుంది. మూడూ ఒకే ఛాయవి వద్దు, కిందిది ముదురు, పైది లేత అయితే పువ్వు లోతుగా కనపడుతుంది. మామిడాకులకు డై ఏమీ అక్కర్లేదు. ఆకుపచ్చ కాగితాన్ని మడిచి కత్తెరతో సగం ఆకు కోస్తే, విప్పగానే నడుమ ఈనెతో సహా వస్తుంది.

కూర్పు తేలికే. 138 × 95 మి.మీ. లేత మీగడరంగు ముక్కను కార్డు మీద మధ్యకు అతికిస్తే చుట్టూ అయిదేసి మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. దాని మీద అడుగు నుంచి 15 మి.మీ. పైన అక్షరాల పట్టీ. పై అంచు నుంచి కొంచెం వంపుగా నూలుదారం, దాని వెంట పువ్వు, ఆకు, పువ్వు, ఆకు. మధ్య పువ్వును ముందు అతికించి అటూ ఇటూ సర్దుకుంటూ పోతే వరస చెడదు. పెద్ద ముక్కలకు ఫెవికాల్ లాంటి తెల్లజిగురు పల్చగా రాయండి. వెంటనే పట్టుకోదు కాబట్టి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. ఎక్కువైతే నీటితడికి కాగితం ఉబ్బుతుంది. పట్టీ కింద మాత్రం ఒక మిల్లీమీటరు ఫోమ్ టేపు వేయండి, నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. కార్డు లోపల రాసే సంగతి మీ ఇష్టం. అక్కడ స్టాంపు వేయకపోవడమే బాగుంటుంది, చేతిరాతకు చోటుండాలి.

పని అయ్యాక స్టాంపును సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఒక ప్లాస్టిక్ షీటుకు అంటించి బీరువాలో పెట్టండి. రంగు మరక మిగిలినా ఫర్వాలేదు, అది తర్వాతి అచ్చుకు రాదు. ఎండ తగిలితే మాత్రం పాలిమర్ పసుపెక్కి బిరుసవుతుంది.

కవరు కూడా మనమే చేసుకోవచ్చు. ఏ4 కాగితంలోనే అవుతుంది. 280 మి.మీ. పొడవు, 205 మి.మీ. వెడల్పు కోసుకోండి. పొడవులో కింద 110, మధ్య 120, పైన మూత 50. వెడల్పులో రెండు పక్కలా ఇరవయ్యేసి మిల్లీమీటర్లు మధ్యభాగం దగ్గర మాత్రమే ఉంచి, మిగతాచోట్ల కత్తిరించేయండి. ఆ రెండు రెక్కల్నీ లోపలికి మడిచి, కింది భాగాన్ని పైకి తెచ్చి వాటి మీద అతికిస్తే 165 × 120 కవరు.

పోస్టులో పంపేట్టయితే తూకం చూడండి. ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. 300 జీఎస్‌ఎం కార్డు ఒక్కటే తొమ్మిది గ్రాముల పైచిలుకు తూగుతుంది. మీగడరంగు ముక్కకు మూడు, కవరుకు అయిదు, పూలూ ఆకులకు ఇంకో నాలుగు వేసుకుంటే 20 దాటుతుంది. బరువు తగ్గించాలని పూలలో పొర తీసేస్తే బంతి బంతిలా ఉండదు. రెండో మెట్టుకు టిక్కెట్లు అంటించడమే నయం. ఆ టిక్కెట్ల మీద పోస్టాఫీసు ముద్ర గట్టిగా పడుతుంది, అదీ కుడివైపు పైమూలన. మన తోరణం కూడా పైనే ఉంది. అందుకని కార్డును కవరులో తలకిందులుగా పెట్టండి. పూలు అడుగుకు వస్తాయి, ముద్ర దెబ్బ మడతలేని ఖాళీ అంచు మీద పడుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే పూల వైపు పల్చటి అట్టముక్క ఒకటి చేర్చి, కౌంటరు దగ్గర కవరును తూకం వేయించి ఇవ్వండి.